ఫోరెన్సిక్ చదువుతారా? ముందు ఏ గదిలో కూర్చుంటారో తేల్చుకోండి

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మా పిల్ల ఎంసెట్ రాయనంటోంది, ఫోరెన్సిక్ చేస్తుందట. అంటే శవాలు కొయ్యాలా?" అని ఒకటే టెన్షన్. వెనకనుంచి పిల్ల "మమ్మీ, అది కాదు, ఫోన్ ఇటియ్యి, మావయ్యతో నేను మాట్లాడతా" అని లాక్కుంది. గంటన్నర మాట్లాడుకున్నాం. పెట్టేశాక అనిపించింది, ఏడాదికి నాలుగైదుసార్లు ఎవరో ఒకరికి ఇదే పాఠం చెబుతున్నాను, ఒకసారి రాసి పెడితే పోతుంది కదా అని.

ముందే చెప్పేస్తున్నా, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి విషాల విభాగంలో ఏళ్లతరబడి పనిచేసినవాణ్ణి. నా మాటల్లో కెమిస్ట్రీ వైపు మొగ్గు ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

శవపరీక్ష చేసేది డాక్టరు. ఎంబీబీఎస్ చదివినవాళ్లు, లేదా దాని మీద ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేసినవాళ్లు. ల్యాబ్‌లో కూర్చునే మాకు శవం కనిపించదు, సీసాలు కనిపిస్తాయి. వేలిముద్రలు చూసేవాళ్లు మన రాష్ట్రాల్లో పోలీసు శాఖలో భాగం. ఘటనా స్థలానికి వెళ్లేది క్లూస్ టీమ్. ఫోన్లు, హార్డ్ డిస్కులు తెరిచేవాళ్లు వేరే. టీవీ సీరియల్లో ఒకే మనిషి రక్తం తీసి, మైక్రోస్కోపులో చూసి, దొంగని పట్టుకుని, కోర్టులో కూడా వాదించేస్తాడు చూడండి, అలాంటి ఉద్యోగం ఎక్కడా లేదు. ఉన్నవి గదులు. కెమిస్ట్రీ గది, బయాలజీ గది, ఫిజిక్స్ గది, డాక్యుమెంట్ల గది, కంప్యూటర్ల గది. నోటిఫికేషన్ వచ్చినా గదులవారీగానే వస్తుంది. 2021లో తెలంగాణ పోలీసు నియామక మండలి రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్) పోస్టులు పిలిచినప్పుడు కూడా ఫిజికల్, కెమికల్, బయాలజీ, కంప్యూటర్స్ అని విడగొట్టే పిలిచింది. అందుకే "ఫోరెన్సిక్ చదవాలా వద్దా" అన్నది సగం ప్రశ్నే. ఏ గదికి వెళ్లాలి, ఆ గది తలుపు ఏ డిగ్రీతో తెరుచుకుంటుంది, ఇదీ అసలు ప్రశ్న.

డిగ్రీ పేరులో ఫోరెన్సిక్ ఉండాలా?

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మీ ముందు స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకటి, ఇంటర్ అవగానే బీఎస్సీ ఫోరెన్సిక్‌లో చేరిపోవడం, లేదా గాంధీనగర్‌లో ఉన్న జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం లాంటిచోట ఐదేళ్ల బీఎస్సీ, ఎమ్మెస్సీ కలిపిన కోర్సు చెయ్యడం. రెండు, మామూలు బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీ మాత్రం ఫోరెన్సిక్‌లో చెయ్యడం. మూడు, నాలాగా బీఎస్సీ, ఎమ్మెస్సీ రెండూ మామూలు సబ్జెక్టులో చేసేసి, ఫోరెన్సిక్‌ని ఉద్యోగంలో నేర్చుకోవడం.

ఎవరిని అడిగినా మొదటిదే మంచిదంటారు, పేరులోనే ఉంది కదా అని. నేనైతే కేంద్ర ల్యాబ్‌ల పోస్టులకు యూపీఎస్సీ ఇచ్చే ప్రకటనలు తీసి అర్హత దగ్గర రాసిన నాలుగు లైన్లు చదవమంటాను. కెమిస్ట్రీ గది పోస్టయితే సాధారణంగా ఇలా ఉంటుంది: కెమిస్ట్రీలోనో బయోకెమిస్ట్రీలోనో ఇంకో దగ్గరి సబ్జెక్టులోనో ఎమ్మెస్సీ ఉండాలి, లేదా ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఉండి, డిగ్రీ మూడేళ్లూ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. తుపాకుల విభాగమైతే కెమిస్ట్రీ బదులు ఫిజిక్స్ లేదా మ్యాథ్స్ వస్తుంది. బయాలజీ గదికైతే బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటివి.

ఆ "లేదా" తర్వాత ఉన్న ముక్క చూశారా? కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినవాడికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఫోరెన్సిక్ ఎమ్మెస్సీ చేసినవాడికి కూడా తెరుస్తారు, కాకపోతే డిగ్రీ మార్కుల లిస్టు చూపించమంటారు. అందులో మూడో సంవత్సరం కెమిస్ట్రీ లేదనుకోండి, అంతే సంగతులు.

నాకు తెలిసిన ఒక కుర్రాడి కథ ఇదే. పెద్ద బోర్డు పెట్టిన ఒక ప్రైవేటు కాలేజీలో ఫోరెన్సిక్‌తో పాటు సైకాలజీ, ఇంకేదో కలిపిన కాంబినేషన్‌లో చేరాడు. కాలేజీవాళ్లు క్రైమ్ సీన్ గది చూపించారు, బొమ్మ శవం, నేలమీద సుద్దముక్కతో గీత, పసుపు టేపు, అన్నీ ఉన్నాయి. కెమిస్ట్రీ మాత్రం మొదటి ఏడాదితో సరి. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ మంచి మార్కులతోనే పాసయ్యాడు. తీరా ప్రకటన వచ్చాక అప్లికేషన్ నింపుతూ నాకు ఫోన్ చేశాడు, "సార్, నేను ఏ విభాగం కిందికి వస్తాను?" అని. ఏ విభాగం కిందికీ రాడు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెలివైన పిల్లాడే. ఇప్పుడు ఒక బ్యాంకు తరఫున మోసాల కేసులు చూసే సంస్థలో పనిచేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ వాడు కోరుకున్నది ఇది కాదు.

అందుకని నా లెక్క ఇది. ఇంటర్ తర్వాత గట్టి సబ్జెక్టు ఉన్న మామూలు డిగ్రీ చెయ్యండి, ఎంపీసీ అయినా బీజెడ్‌సీ అయినా సరే, కెమిస్ట్రీ మాత్రం చివరిదాకా వదలకండి. ఫోరెన్సిక్ ఒక సబ్జెక్టుగా ఉండే కాంబినేషన్ దొరికి, దాంతోపాటు కెమిస్ట్రీ గానీ జెనెటిక్స్ లాంటిది గానీ మూడేళ్లూ ఉంటే అదీ మంచిదే. చేరేముందు కాలేజీవాళ్ల బ్రోషర్ చూడొద్దు, యూనివర్సిటీ సిలబస్‌లో మూడో ఏడాది ఏముందో చూడండి.

ఇక ఎమ్మెస్సీ దగ్గర ఫోరెన్సిక్‌కా, కెమిస్ట్రీకా? ఇక్కడ నేను ఇదే మంచిదని తేల్చి చెప్పలేను, మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ప్రభుత్వ ల్యాబ్ పోస్టులు ఏటా వచ్చేవి కావు, మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లు ఏం తిని బతుకుతారు? ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాడు జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడలోనో ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో చేరి హెచ్‌పీఎల్‌సీ అనే రసాయన విశ్లేషణ యంత్రం మీద చెయ్యి తిప్పుకుంటూ ఉంటాడు, ఆ అనుభవం రేపు ఫోరెన్సిక్ ల్యాబ్‌లోనూ పనికొస్తుంది. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ అని రెజ్యూమేలో చూసి అదే కంపెనీ హెచ్‌ఆర్ "ఇదేం కోర్సు?" అంటుంది. అలాగని ఫోరెన్సిక్ ఎమ్మెస్సీ దండగ అనను. సీలు ఎలా చూడాలి, నివేదిక ఎలా రాయాలి, కోర్టులో ఎలా నిలబడాలి అన్నవి మాకు సీనియర్లు తిట్టి నేర్పారు, వీళ్లు చదువుకుని వస్తారు. ఇంట్లో రెండు మూడేళ్లు ఆగగలిగే వెసులుబాటు ఉండి, డిగ్రీలో సబ్జెక్టు గట్టిగా ఉంటే ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ చెయ్యండి. ఎమ్మెస్సీ అవగానే జీతం ఇంటికి రావాల్సిన పరిస్థితి ఉంటే కెమిస్ట్రీయో బయోటెక్నాలజీయో చెయ్యండి.

గదుల్లో ఏం జరుగుతుంది

మా గది గురించి ముందు చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

పొద్దున్నే కానిస్టేబుల్ ఒక పెట్టె పట్టుకొస్తాడు. అందులో వెడల్పు మూతి సీసాలు. ఒకదాంట్లో కడుపు, అందులో ఉన్న పదార్థం, కొంచెం చిన్నపేగు. ఇంకోదాంట్లో కాలేయం ముక్క, మూత్రపిండాల ముక్కలు. విడిగా రక్తం. ఒక సీసాలో ఉత్త ఉప్పునీళ్లు, ఎందుకంటే అవయవాలను నిలవ ఉంచడానికి వాడింది ఆ గాఢమైన ఉప్పు ద్రావణమే, అందులో ముందే విషం లేదని తేల్చడానికి అదీ పరీక్షించాలి. ఫార్మలిన్‌లో వేసి పంపితే చాలా పరీక్షలు చెడిపోతాయి. సీసా తెరవకముందు చేసే పని ఒకటుంది, ప్రతి సీసా మీద లక్క సీలుని, కాగితం మీద పంపిన నమూనా సీలుతో పక్కపక్కన పెట్టి చూడటం. అక్షరాలు కలవాలి, గుడ్డ చిరగకూడదు. తేడా ఉంటే అప్పుడే రాసిపెట్టాలి. ఆ తర్వాతే మూత తీస్తాం. తీయగానే వచ్చే వాసనకి మొదటి నెలలో నేను మధ్యాహ్నం అన్నం మానేశాను. తర్వాత అదే వాసన సాయం చెయ్యడం మొదలుపెట్టింది, కొన్ని పురుగుల మందులకు వచ్చే కిరసనాయిలు వాసన పట్టేస్తే సగం దారి తెలిసినట్టే.

మన ప్రాంతంలో ఈ గదికి వచ్చేవాటిలో పురుగుల మందులు, గడ్డి మందు కేసులు చాలా ఉంటాయి. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. గడ్డి మందంటే పేరాక్వాట్, దానికి మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపితే నీలం రంగు వస్తుంది. ధాన్యంలో పెట్టే సెల్ఫాస్ మాత్రల కేసైతే దాని వాయువు తగిలి సిల్వర్ నైట్రేట్ కాగితం నల్లబడుతుంది. ఇవి తొలి సూచనలే, ఆ మీదట పదార్థాలను విడదీసి గుర్తుపట్టే టీఎల్‌సీ ప్లేటు, జీసీ‌ఎంఎస్ యంత్రం. బయట జనం అనుకునే డిటెక్టివ్ పని ఇందులో ఏమీ లేదు. ముక్కలు కొయ్యి, రుబ్బు, వడకట్టు, రాయి. మళ్లీ రేపు అదే. ఒకే పనిని వెయ్యిసార్లు అదే శ్రద్ధతో చెయ్యగలిగేవాళ్లకి ఈ గది సరిపోతుంది, రోజూ కొత్తదనం కావాలనేవాళ్లు ఆరు నెలల్లో పారిపోతారు.

బయాలజీ, డీఎన్‌ఏ గదికి మోజు ఎక్కువ. హైదరాబాద్‌కి దీంట్లో పెద్ద పేరుంది. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి పునాది వేశారు, డీఎన్‌ఏ పరీక్షల కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ కూడా ఇక్కడే ఉంది. 2013లో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయినప్పుడు, గుర్తుపట్టడానికి వీల్లేని శరీరాలను ఇళ్లకు చేర్చింది డీఎన్‌ఏ పరీక్షలే. గొప్ప పని, కాదనను. కానీ మోజు ఉన్నచోట పోటీ కూడా ఉంటుంది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ చేసినవాళ్లంతా ఆ కొద్దిపాటి పోస్టుల మీదే పడతారు. ఈ దారిలో వెళ్లేవాళ్లు డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు, పరిశోధన వైపు కూడా ఒక కన్ను వేసి ఉంచాలి.

ఫిజిక్స్ గదిని ఎవరూ పట్టించుకోరు, నాకైతే అదే చాలా తెలివైన ఎంపిక అనిపిస్తుంది. గాజు ముక్కలు, పెయింటు, మట్టి, తుపాకీ గుళ్లు. దొంగిలించిన బండి ఛాసిస్ నంబరు అరగదీసి కొత్తది కొట్టి ఉంటే, లోహం మీద రసాయనం పూసి పాత నంబరుని పైకి తేవడం. నేను ఒకసారి పక్కన నిలబడి చూశాను, నున్నగా ఉన్న ఇనుము మీద దూదితో రుద్దుతూ ఉంటే కాసేపటికి ఎనిమిదో మూడో తెలియని ఒక నీడ, ఆ తర్వాత దాని పక్కన ఇంకోటి. గదిలో ఉన్నవాళ్లమంతా పని ఆపి చూశాం. ఫిజిక్స్ పిల్లలు ఇటు తొంగిచూడరు కాబట్టి పోటీ కూడా తక్కువ.

డాక్యుమెంట్ల గదిలో సంతకాలు, వీలునామాలు, ఫోర్జరీలు. భూముల ధరలు ఇలా ఉన్నంతకాలం ఈ గదికి పని తగ్గదు. ప్రభుత్వం బయట కూడా బతకగలిగే విద్య ఇది, సివిల్ కేసుల్లో కోర్టులు, లాయర్లు ప్రైవేటు నిపుణుల దగ్గరికి వెళ్తూనే ఉంటారు. కాకపోతే పేరు రావడానికి పదేళ్లు పడుతుంది, ఆ లోపు ఓపిక ఉండాలి.

వేలిముద్రలంటే యూనిఫాం వైపు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు, అక్కడ పద్ధతిని తయారుచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లిద్దరు, పేరు మాత్రం వాళ్ల దొర హెన్రీకి పోయింది, అది వేరే కథ. ఇప్పుడు తెలంగాణలో ఈ పోస్టుకి ఏఎస్ఐ హోదాలో పోలీసు నియామక మండలి ద్వారానే వెళ్లాలి. ల్యాబ్ కోటు కంటే ఖాకీ ఇష్టమైతే ఎస్సై నోటిఫికేషన్‌తో పాటు దీన్నీ చూసుకోండి.

డిజిటల్ సంగతి విడిగా చెప్పాలి. ఇవాళ చిన్న గొడవ కేసులో కూడా ఫోన్ ఉంటుంది. ఇక్కడ ఎమ్మెస్సీల గోల తక్కువ, బీటెక్ సీఎస్‌ఈ, ఎంసీఏ, ఎమ్మెస్సీ డిజిటల్ ఫోరెన్సిక్స్ ఏదైనా పనికొస్తుంది. ప్రభుత్వంలో రాకపోతే బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, ఐటీ కంపెనీల భద్రతా విభాగాలు తీసుకుంటాయి. ఉద్యోగ భద్రత పరంగా అన్ని గదుల్లోకీ ఇదే ముందుంటుంది, కెమిస్ట్రీ వాణ్ణయినా ఒప్పుకోక తప్పదు. పని మాత్రం హ్యాకింగ్ అనుకోకండి. డిస్కు మీద ఒక్క అక్షరం మారకుండా నకలు తియ్యడం, అసలుదీ నకలుదీ హాష్ విలువ, అంటే అందులోని డేటా అంతటినీ లెక్కగట్టి తీసే గుర్తు సంఖ్య, ఒకటేనని చూపించడం, గంటలకొద్దీ చాట్లు, ఫోటోలు, ఫైళ్లు చూడటం, కొత్త సాక్ష్యాల చట్టం భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ సరిగ్గా ఉందో లేదో పట్టించుకోవడం. కొందరి ఫోన్లలో ఉండేవి చూశాక రాత్రి నిద్ర పట్టదు, పిల్లల మీద నేరాల కేసులు మరీను. ఇది మీకు సరిపడుతుందో లేదో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఆటాప్సీ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దించుకుని మీ పాత పెన్‌డ్రైవ్ మీద ప్రయోగం చేసి, డిలీట్ చేసిన ఫైళ్లు వెనక్కి తీసి చూడండి. ఆటాప్సీ అంటే శవపరీక్ష అని మా చెల్లెలికి మాత్రం చెప్పలేదు.

ఫోరెన్సిక్ మెడిసిన్ కావాలంటే నీట్, ఎంబీబీఎస్, మళ్లీ నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ. డాక్టరు కావాలన్న కోరిక ముందు ఉండాలి, ఫోరెన్సిక్ కోసం మెడిసిన్ చదవడం జరిగే పని కాదు. ఫోరెన్సిక్ సైకాలజీ, లై డిటెక్టర్ అంటూ ఉత్సాహపడేవాళ్లకు ఒక మాట, 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ లాంటివి చెయ్యకూడదని చెప్పేసింది. ఆ గది చాలా చిన్నది.

ఎక్కడ చదవాలి

తెలుగు పిల్లలకి అందుబాటులో ఉన్నది ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా. ఫీజు భరించగలిగేలా ఉంటుంది, రాష్ట్ర ఎఫ్‌ఎస్‌ఎల్ రెడ్‌హిల్స్‌లో, కేంద్ర ల్యాబ్ రామంతాపూర్‌లో, సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో, అంటే ప్రాజెక్టు కోసం తిరగాలంటే సిటీ బస్సు చాలు. ఏపీ ఎఫ్‌ఎస్‌ఎల్ మంగళగిరి వైపు ఉంది.

గాంధీనగర్ విశ్వవిద్యాలయం 2009లో గుజరాత్ రాష్ట్ర సంస్థగా మొదలై, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ హోదా తెచ్చుకుంది. ఢిల్లీలో, ఇంకా కొన్ని రాష్ట్రాల్లో క్యాంపస్‌లున్నాయి. పరికరాలు, పరిచయాలు, దేశమంతటా ఉన్న సీనియర్లు, ఇవన్నీ అక్కడ ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. డిజిటల్ ఫోరెన్సిక్స్ చెయ్యాలనుకుంటే ఆ ఖర్చుకి అర్థం ఉంది. విషాలు, రసాయనాలు అనుకుంటే ఆ డబ్బుతో ఇక్కడే చదివి, మిగిలింది పోటీ పరీక్షల ఏళ్లకు దాచుకోమంటాను. మధ్యప్రదేశ్‌లో సాగర్ యూనివర్సిటీ, పటియాలాలో పంజాబీ యూనివర్సిటీ కూడా ఈ సబ్జెక్టులో పాతకాపులు. పాఠాలు చెప్పే వైపు వెళ్లాలనుంటే యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ఒక సబ్జెక్టుగా ఉంది.

కొత్తగా వీధి వీధికీ పుట్టుకొస్తున్న ఆన్‌లైన్ ఫోరెన్సిక్ సర్టిఫికెట్లున్నాయి చూడండి, వారాంతం కోర్సులు, చివర్లో బంగారు రంగు ముద్ర వేసిన కాగితం. ప్రభుత్వ నోటిఫికేషన్ అర్హతల్లో ఆ కాగితానికి చోటు నేనెక్కడా చూడలేదు.

ఉద్యోగాల సంగతి, విదేశాల సంగతి

"ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది కదా, లక్షల ఉద్యోగాలట" అని మా మేనకోడలు అంది. సగం నిజం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 176వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలి, ఆ తతంగాన్ని వీడియో తీయాలి. రాష్ట్రాలకు దీనికి ఐదేళ్ల దాకా గడువిచ్చారు. అదే ఏడాది జూన్‌లో కేంద్ర మంత్రివర్గం కొత్త క్యాంపస్‌లు, కొత్త ల్యాబ్‌ల కోసం 2,254 కోట్ల రూపాయల పైచిలుకు పథకానికి ఒప్పుకుంది. కాబట్టి మనుషులు కావాలి, అందులో అనుమానం లేదు. కానీ మనుషులు కావడానికీ, మంజూరైన పర్మనెంటు పోస్టు రావడానికీ మధ్య ఆర్థిక శాఖ ఫైలు ఒకటి ఉంటుంది. క్లూస్ టీముల్లోకి కాంట్రాక్టు మీద తీసుకున్న సందర్భాలు మనం చూశాం. కాంట్రాక్టు ఉద్యోగం వస్తే వద్దనకండి, అనుభవం అనుభవమే, కానీ దాన్నే నమ్ముకుని ఇంటి లోను పెట్టుకోకండి.

కేంద్ర ల్యాబ్‌లో జూనియర్ సైంటిఫిక్ ఆఫీసర్‌గా చేరితే లెవెల్ 7, అంటే మూలవేతనమే 44,900తో మొదలు, డీఏ అవీ వేరే. అనుభవం అడుగుతారు, అందుకే మధ్యలో ఫార్మాలోనో పరిశోధన ప్రాజెక్టులోనో గడిపిన ఏళ్లకి పక్కాగా సర్టిఫికెట్లు తీసుకుని దాచండి. ప్రైవేటులో హైదరాబాద్‌లోనే ట్రూత్ ల్యాబ్స్ ఉంది, ఉమ్మడి రాష్ట్ర ఎఫ్‌ఎస్‌ఎల్ డైరెక్టరుగా చేసిన కేపీసీ గాంధీ గారు 2007లో పెట్టారు. ఇన్సూరెన్స్ కంపెనీలు, బ్యాంకులు మరో దారి.

విదేశాల్లో ఎమ్మెస్ ఫోరెన్సిక్ అని అడిగేవాళ్లకు నా సమాధానం కొంచెం కటువుగా ఉంటుంది. అమెరికాలో క్రైమ్ ల్యాబ్‌లు చాలావరకు ప్రభుత్వాలవి. ఎఫ్‌బీఐకి పౌరసత్వం ఉండి తీరాలి, మిగతాచోట్ల కూడా వీసా మీద ఉన్న పిల్లల్ని తీసుకోవడం అరుదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్‌నే 2012లో మూసేశారు, ఆ పని ఎక్కువగా ప్రైవేటు సంస్థలకు పోయింది, పోలీసు తనిఖీ దాటాలంటే అక్కడ కొన్నేళ్లు ఉండి ఉండాలి. ఎకరం అమ్మి వెళ్లాక ఈ సంగతి తెలిస్తే ఏం లాభం? వెళ్లాలనే ఉంటే ఎనలిటికల్ కెమిస్ట్రీయో సైబర్ సెక్యూరిటీయో చదవండి, వాటికి అక్కడ కంపెనీలున్నాయి.

ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్లు, బైపీసీ అయినా ఎంపీసీ అయినా ఫరవాలేదు, బైపీసీ అయితే బయాలజీ, విషాల వైపు, ఎంపీసీ అయితే ఫిజిక్స్, కంప్యూటర్ల వైపు. కెమిస్ట్రీ రెండింట్లోనూ ఉంది, బతికిపోయారు. సీఈసీ తీసుకుని తర్వాత వస్తానంటే మాత్రం ల్యాబ్ తలుపులు దాదాపు మూసుకున్నట్టే.

ఒక పని మాత్రం డిగ్రీలో చేరకముందే చెయ్యమంటాను. ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు అందరికంటే ఎక్కువ భయపడేది శవాలకి కాదు, సాక్షి బోనుకి. నా మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి తరఫు లాయరు విషం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. "సీలు మీద ఎన్ని అక్షరాలున్నాయి? సీసా మీ చేతికి వచ్చినరోజు ఏ వారం? మధ్యలో నాలుగు రోజులు ఎక్కడుంది?" ఇవే, నలభై నిమిషాలు. నాలుగేళ్ల కిందట పరీక్షించిన సీసా అది. నోటు పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి బయటపడ్డాను, బయటికొచ్చాక చూసుకుంటే చొక్కా వీపంతా తడిసిపోయింది. అలా నిలబడి, తెలిసింది తెలుసు, తెలియంది తెలియదు అని గొంతు వణక్కుండా చెప్పగలమా లేదా అన్నది ఏ ఎంట్రన్స్ పరీక్షా చెప్పదు. మీ జిల్లా కోర్టులో సెషన్స్ విచారణలు చాలావరకు ఎవరైనా వెళ్లి చూడొచ్చు, అత్యాచారం, పోక్సో లాంటివి తప్ప. తెలిసిన లాయరు ఎవరైనా ఉంటే నిపుణుడి సాక్ష్యం ఏ రోజు ఉందో కనుక్కుని, వెనక బెంచీ మీద ఒక పూట కూర్చోండి.

మా మేనకోడల్ని వచ్చే సెలవుల్లో తీసుకెళ్తానన్నాను. వాళ్లమ్మ కూడా వస్తానంది, అక్కడ శవాలుండవు కదా అని రెండుసార్లు అడిగి మరీ.